అద్దం ముందర: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి వైపు నుంచి వచ్చాయి. చాలామంది ‘ఏ క్రీమ్ కొనాలి’ అని అడిగారు. కొందరికి మా జవాబు ‘రాస్తున్నది ముందు ఆపండి’ అనే. కోపం తెచ్చుకోకుండా చదవండి.

డిగ్రీ ఫస్టియర్ చదువుతున్న. రోజూ నకిరేకల్ నుంచి బస్సుల నల్లగొండకు పోయొస్త. ఇప్పటిదాంక పౌడర్ తప్ప ఏం రాయలే. ఫోన్ల చూస్తే సీరం, టోనర్, ప్రైమర్ అని పది రకాలు చెప్తున్నరు. నెలకు ఐదారు వందలకు మించి పెట్టలేను. ముందుగాల ఏం కొనాలె అక్కా?
ఓ విద్యార్థిని, నకిరేకల్

మూడే కొనండి. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. సీరం, టోనర్ సంగతి ఈ మూడింటినీ మూడు నెలలు విడవకుండా వాడాక చూద్దాం. ఈ నెల ఒక్కదానికే డబ్బులుంటే సన్‌స్క్రీన్ కొనండి. మిగతా రెండు వచ్చే నెల కొన్నా నష్టం లేదు.

కొనే ముందు మీ చర్మం ఏ రకమో చూసుకోండి. రాత్రి ముఖం కడుక్కుని ఏమీ రాయకుండా గంటసేపు ఉండండి. తర్వాత పలచటి టిష్యూ కాగితాన్ని నుదుటి మీద, ముక్కు మీద, బుగ్గల మీద విడివిడిగా అద్దండి. అంతటా నూనె మరక పడితే జిడ్డు చర్మం. ఎక్కడా పడకుండా, నవ్వితే బుగ్గలు గుంజినట్టుంటే పొడి చర్మం. నుదురు, ముక్కు దగ్గర మాత్రమే పడితే రెండూ కలిసినది. జిడ్డుగా ఉంటే జెల్ రకం మాయిశ్చరైజర్, పొడిగా ఉంటే క్రీమ్ రకం తీసుకోండి. రెండూ కలిసిన చర్మానికి పలచటి లోషన్ సరిపోతుంది.

పొద్దున ముఖం తడిపి, శనగగింజంత ఫేస్‌వాష్‌ను ముందు అరచేతుల్లో నురగ చేయండి. నేరుగా బుగ్గ మీద పెట్టి రుద్దితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. అరనిమిషం చాలు, కడిగేయండి. తువాలతో రుద్దొద్దు, అద్దండి. చర్మం కాస్త తడిగా ఉండగానే బఠానీ గింజంత మాయిశ్చరైజర్ రాసి, ఐదు నిమిషాలు వదిలేయండి. ఈలోపు జడ వేసుకోవచ్చు. ఆ తర్వాత సన్‌స్క్రీన్. బస్సెక్కడానికి పావుగంట ముందు ఇదంతా అయిపోవాలి.

సన్‌స్క్రీన్ ఎంత రాయాలన్న దగ్గరే అందరూ తప్పు చేస్తారు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ కలిపి ఒక పూటకు సరిపోతుంది. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30, 50 అని వేసే అంకెను లెక్కగట్టేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా రాసి కొలుస్తారు. మనం పొదుపుగా బొట్టంత రాసి 50 అంకె పనిచేయాలంటే చేయదు. ఇంకో రకంగా చూసుకోండి: పూటకు సుమారు ఒక గ్రాము ఖర్చవుతుంది, రోజుకు ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు యాభై రోజుల్లో అయిపోవాలి. మీ ట్యూబు ఆరు నెలలు వస్తోందంటే అది మీ పొదుపు కాదు, మీరు రాయట్లేదన్నమాట.

ఎస్‌పీఎఫ్ 30 చాలు, సరిగా రాస్తే అది ముఖం కమిలించే కిరణాలను 97 శాతం దాకా ఆపుతుంది. 50 రకం ఆపేది 98 శాతం. అంత చిన్న తేడాకు ఎక్కువ డబ్బులు పెట్టనక్కర్లేదు. కానీ డబ్బా మీద ‘పీఏ’ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా ముఖం కమిలించే కిరణాలకు, ప్లస్ గుర్తులు మచ్చలు, ముడతలు తెచ్చే కిరణాలకు. ఈ రెండో రకం కిరణాలు బస్సు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. మధ్యాహ్నమంతా క్లాసులోనే ఉంటే మళ్లీ రాయనక్కర్లేదు. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు చెమట అద్దుకుని ఇంకోసారి రాయండి. ఎండలో తిరిగే రోజు మాత్రం రెండు గంటలకోసారి.

సన్‌స్క్రీన్ రుద్దుతుంటే ఉండలుండలుగా రాలుతోందని చాలామంది ట్యూబు పారేస్తారు. తప్పు చాలాసార్లు ట్యూబుది కాదు. కింద మాయిశ్చరైజర్ ఎక్కువైనా, అది ఇంకకముందే పైన రాసినా అలాగే అవుతుంది. మాయిశ్చరైజర్ సగానికి తగ్గించి, సన్‌స్క్రీన్‌ను గట్టిగా రుద్దకుండా అద్దుతూ పరిచి చూడండి.

రాత్రి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. అంతే. ఇక మేకప్ అంటారా, ఈ వయసుకు కాస్త కాంపాక్ట్, కాటుక, పెదాలకు రంగున్న లిప్‌బామ్ ఉంటే కాలేజీకి అదే ఎక్కువ.

మా ఊర్ల బోరు నీళ్లతోని మొఖం కడుక్కుంటే బిర్రుగ అయితది, తెల్లగ పొట్టు లేస్తది. మాది ఫ్లోరైడ్ ఉన్న ఏరియా. ఫ్లోరైడ్ వల్లనే మొఖం ఖరాబైతుందా?
ఓ పాఠకురాలు, మునుగోడు

కాదమ్మా. ఫ్లోరైడ్ చేసే కీడు తాగడం వల్ల. పళ్లు గారపట్టడం, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం, మీ ప్రాంతానికి కొత్తగా చెప్పేదేముంది. ముఖాన్ని బిర్రుగా చేసేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని తెల్లటి తెట్టులా మారతాయి. బకెట్ అంచుకు, నల్లా మూతికి పట్టే తెలుపు కూడా ఈ ఉప్పునీళ్ల గారే. ఆ తెట్టు ముఖం మీద ఎంత కడిగినా పూర్తిగా పోదు. అందుకే దురద, పొట్టు. దానికి తోడు సబ్బు క్షారం 9, 10 పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలిచే అంకె) దగ్గర ఉంటుంది, మన చర్మం 5 దగ్గర. రోజుకు మూడునాలుగు సార్లు సబ్బు పెడితే చర్మం తనను తాను సర్దుకునే వీలుండదు.

మీ నీళ్లు ఎంత గట్టివో ఇంట్లోనే చూడొచ్చు. ఖాళీ సీసాలో సగం దాకా నీళ్లు పోసి, సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా కుదపండి. పైన దట్టంగా నురగ నిలిచి, కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తటి నీళ్లు. నురగ రాకుండా నీళ్లు పాలలా, పెరుగు విరిగినట్టు కనిపిస్తే గట్టి నీళ్లు. పక్కన వానాకాలంలో పట్టిన వాన నీళ్లతో ఇంకో సీసా పెట్టి చూస్తే తేడా చెప్పనక్కర్లేదు.

చేయాల్సింది చిన్నదే. ముఖానికి సబ్బు మాని, సబ్బు లేని క్లెన్సర్ వాడండి. వాటిలో నురగ తక్కువ వస్తుంది, అంతమాత్రాన మురికి పోలేదని కాదు. బోరు నీళ్లతోనే కడిగి, ఆఖరున ఒక్క చెంబు మిషన్ భగీరథ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో పోసుకోండి. తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లోపే మాయిశ్చరైజర్ రాయాలి. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే. బోరు నీళ్లు మరిగించి వాడితే గట్టితనం కొంత తగ్గుతుంది గానీ ఫ్లోరైడ్ తగ్గదు, ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ పాళ్లు పెరుగుతుంది కూడా. తాగడానికి మాత్రం ఆ పని చేయకండి.

పటిక, సున్నం వేసి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి మీ జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. అది నీళ్లకు. పటిక గడ్డతో ముఖం రుద్దుకునే అలవాటుంటే మానండి, ఉన్న తడిని కూడా అది గుంజేస్తుంది.

మా చెల్లె పెళ్లి మే నెలల ఉంది. నాది చామనఛాయ కంటే కొంచెం నలుపు. ఎప్పుడు ఫౌండేషన్ పెట్టినా బూడిద పూసినట్టు కొడుతది, ఫోటోల మొఖం ఒక రంగు, మెడ ఒక రంగు. బ్యూటీ పార్లర్‌కు పోకుండ నాకు నేనే చేసుకోవాలె. వివరంగ చెప్పుండ్రి.
ఓ గృహిణి, మహబూబ్‌నగర్

బూడిద రంగు రావడానికి కారణం ఒకటే. మీ రంగు కంటే రెండు మెట్లు తెల్లటిది, అందులోనూ గులాబీ జాడ ఉన్నది కొంటున్నారు. షాపులో చెయ్యి మీద రాసి చూపిస్తారు, చెయ్యి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ ఎముక మీద, మెడ మొదలయ్యే చోట, మూడు రంగులు మూడు నిలువు గీతలుగా రాయించుకోండి. షాపులో ట్యూబులైట్ కింద నిర్ణయించకండి. బయటికొచ్చి, ఏ చాయ్ బండి దగ్గరో నీడన పావుగంట నిలబడి, అప్పుడు చేతి అద్దంలో చూసుకోండి. గాలి తగిలి, చర్మపు నూనెతో కలిసి కొన్ని రంగులు ఆ పావుగంటలో ముదురుతాయి. ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే అదీ మీది. రెండిటి మధ్య ఊగిసలాడితే ముదురుది తీసుకోండి. మనవైపు చాలామంది ఛాయల్లో పసుపు, బంగారు జాడ ఉంటుంది కాబట్టి ఆ జాడ ఉన్న రంగులే అడగండి.

ఫోటోలో ముఖం తెల్లగా కొట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. సన్‌స్క్రీన్‌లో, కొన్ని పౌడర్లలో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఫ్లాష్ వెలుగును తిప్పికొడతాయి. పగటి ముహూర్తానికి ఎండ కోసం సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. రాత్రి రిసెప్షన్‌కు మాత్రం ఎస్‌పీఎఫ్ లేనివే వాడండి. ముందురోజు చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకుంటే తెలిసిపోతుంది.

ఇప్పుడు పద్ధతి. ముఖం కడిగి, మాయిశ్చరైజర్ పలచగా రాసి, పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోండి. కళ్ల కింద, మూతి చుట్టూ నలుపుంటే దాని మీద నేరుగా లేత కన్సీలర్ (మచ్చలు కప్పే క్రీమ్) వేయొద్దు, బూడిదంతా అక్కడే పుడుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ కందిగింజంత తీసుకుని, నలుపున్న చోట మాత్రమే ఉంగరం వేలితో తట్టండి. నారింజ ఆ నీలి నలుపును కప్పేస్తుంది. దాని మీద మీ రంగు కన్సీలర్. ఆ తర్వాత ఫౌండేషన్ మొత్తం ముఖానికి రెండు బఠానీ గింజలంత. స్పాంజిని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ముక్కు దగ్గర మొదలుపెట్టి చెవుల వైపు తట్టుకుంటూ వెళ్లండి. రుద్దితే చారలు పడతాయి. దవడ దాటి మెడ మీదికి స్పాంజిలో మిగిలిందే తట్టండి, కొత్తగా తీయొద్దు. పౌడర్ నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రమే. బుగ్గల మీద కూడా దట్టిస్తే సాయంత్రానికి నవ్వినచోటల్లా గీతలు పడతాయి.

బుగ్గలకు లేత గులాబీ మీ రంగు మీద సున్నంలా తేలుతుంది. ఇటుక రంగు, రేగుపండు రంగు, ముదురు ఎరుపు చూడండి. విడిగా బ్లష్ కొనక్కర్లేదు, ఆ రంగు లిప్‌స్టిక్‌నే వేలితో రెండు చుక్కలు పెట్టి బుగ్గ ఎముక మీద పైకి తట్టినా సరిపోతుంది. గద్వాల చీర కడుతున్నారా? ఆ జరీ అంచు, ఆ కొంగు రంగు ముందు పెదాలకు మెరుపులేని మెరూన్ నిండుగా ఉంటుంది. కళ్లకూ పెదాలకూ రెండిటికీ ముదురు పెట్టొద్దు, ఒకటే ఎంచుకోండి.

మే నెల ఎండకు ఫంక్షన్ హాల్లో చెమట పట్టక మానదు. చెమట మీద పౌడర్ కొడితే అది తడిసి ముద్దై అతుకులతుకులుగా కనిపిస్తుంది. ముందు టిష్యూని అద్ది చెమట తీసేయండి, ఆరాక అప్పుడు పౌడర్. పర్సులో నాలుగు టిష్యూలు, కాంపాక్ట్, లిప్‌స్టిక్ ఉంటే చాలు.

ఒక్కమాట, పెళ్లి రెండు రోజులుందనగా ఫేషియల్, బ్లీచ్, కొత్త క్రీమ్ ఏదీ మొదలుపెట్టకండి. చేయించుకునేది పది రోజుల ముందే కానివ్వండి. ఏదైనా పడకపోతే ఎరుపు తగ్గడానికి టైం దొరుకుతుంది.

మా ఇంటిపక్కామె మెడికల్ షాపుల దొరికే ఒక ట్యూబు చెప్పింది. వారంల మొఖం తెల్లగైంది, మొటిమలు పోయినయ్. రెండేండ్ల సంది రాస్తున్న. ఇప్పుడు ఒక్కరోజు రాయకపోతే ఎర్రగై మంట లేస్తది, సన్న వెంట్రుకలు మొలుస్తున్నయ్. ఏం చెయ్యాలె?
ఓ పాఠకురాలు, వనపర్తి

ట్యూబు పేరు మాకు అక్కర్లేదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ ఇలాంటి పేరుంటే అది స్టెరాయిడ్. పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉండొచ్చు. ఇవి ఎగ్జిమా, మంగు లాంటి వాటికి డాక్టర్లు లెక్కగా కొన్ని వారాలు రాసే మందులు. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదిస్తుంది, వాపు అణుస్తుంది. మొదటి వారం తెల్లగా, నున్నగా కనిపించేది అందుకే. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. మానగానే మంట లేస్తుంది. మంటకు భయపడి మళ్లీ రాస్తారు. అదే ఉచ్చు.

పూసే స్టెరాయిడ్లను 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మేవాడు అడగడు, కొనేవాడు చదవడు, అది వేరే సంగతి.

మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపి ఇంట్లో ఓర్చుకోవాలని చూడకండి, రెండేళ్ల వాడకం కాబట్టి డాక్టరు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాల్సి రావచ్చు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. ఆ ట్యూబు వెంట తీసుకెళ్లి చూపించండి, దాచకండి. అప్పటిదాకా స్క్రబ్, బ్లీచ్, ఫేషియల్, ఆవిరి, పసుపు, నిమ్మ ఏదీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు రెండు మూడు సార్లు, మంటకు చల్లటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు. ఎండకు కొంగు, గొడుగు. కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఆ పక్కింటామెకు కూడా ఈ పేజీ చూపించండి.

బత్తాయి తొక్కల పొడి, నిమ్మరసం, పసుపు కలిపి రోజూ పెట్టుకుంటే నిగారింపు వస్తదా?
ఓ పాఠకురాలు, హాలియా

బత్తాయి తోటల సీమ నుంచి ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. తొక్కను నీడన ఎండబెట్టి, పలచటి గుడ్డలో జల్లెడపట్టిన పొడి శనగపిండితో కలిపి వారానికోసారి పెడితే నష్టం లేదు, గరుకుగా ఉంటే చర్మం గీసుకుపోతుంది. నిమ్మరసం మాత్రం పూర్తిగా తీసేయండి. దాని ఆమ్లం 2 పీహెచ్ దగ్గర ఉంటుంది. పైగా నిమ్మజాతి పళ్ల తొక్కలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లటి మచ్చలు మిగులుస్తాయి. బత్తాయి తొక్కదీ అదే జాతి కనుక, పెట్టుకుంటే రాత్రే పెట్టి బాగా కడిగేయండి. పసుపు చిటికెడు చాలు. ఇవన్నీ మురికి, నూనె తీస్తాయి తప్ప రంగు మార్చవు.

స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట తెల్ల మచ్చ వచ్చింది. బొల్లి అని భయమైతుంది.
ఓ టీచర్, నాగర్‌కర్నూల్

స్టిక్కర్ జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం కొందరిలో చర్మానికి రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. మచ్చ బొట్టుబిల్ల ఎంతుందో అంతే, గుండ్రంగా ఉంటే అనుమానం జిగురు మీదే. ఈరోజే స్టిక్కర్లు ఆపండి. చూసుకోండి, రబ్బరు చెప్పులు, గడియారం పట్టీ తగిలే చోట కూడా అలాంటి మచ్చలుంటే డాక్టరుకు చెప్పండి. తొందరగా చూపించుకుంటే రంగు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, బొల్లి అవునో కాదో కూడా వాళ్లే తేలుస్తారు.

కుంకుమ పెట్టుకోవచ్చా అంటే, మచ్చ తగ్గేదాకా అక్కడ ఏదీ వద్దు. తర్వాత కూడా చూసి పెట్టండి, అంగడిలో దొరికే చవక కుంకుమల్లోని రంగులు కొందరికి అదే చోట నల్ల మచ్చ తెస్తాయి. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రెండు పూటలా ఐదారు రోజులు రాసి, దురద లేకపోతేనే నుదుటికి.

మా పాపకు పదిహేనేండ్లు, కొంచెం బొద్దుగ ఉంటది. మెడ ఎన్కకు నల్లగ, మందంగ ఉంది. సున్నిపిండి, పీచు పెట్టి రుద్దితే ఇంక నల్లగైతుంది. ఏ క్రీమ్ మంచిది?
ఓ తల్లి, కల్వకుర్తి

రుద్దడం వెంటనే ఆపండి, అది మట్టి కాదు. మెడ, చంకల దగ్గర మఖమల్ గుడ్డలా మందంగా నలుపు రావడాన్ని అకాంతోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం దానికి పెద్ద కారణం. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) పరీక్షలు చేయించండి. నెలసరి సరిగా రాకపోతే అదీ డాక్టరుకు చెప్పండి. బరువు తగ్గేకొద్దీ మెడ దానంతటదే తేటపడుతుంది. క్రీములకు పెట్టే డబ్బు ఆ రక్తపరీక్షకు పెట్టండి. బళ్లో పిల్లలు మెడ చూసి ‘స్నానం చేయవా’ అని వెక్కిరిస్తారు, ఇంట్లో మనమూ అదే మాట అనకూడదు.

కాటుక పెట్టుకున్న గంటకే కండ్ల కిందకు దిగి పీనుగు మొఖం అయితుంది. స్కూల్ల పిల్లలు అడుగుతరు, ‘టీచర్, ఏడ్చినవా’ అని.
ఓ టీచర్, మిర్యాలగూడ

కాటుక మైనం, నూనెల ముద్ద. కంటి కింద మీరు రాసిన మాయిశ్చరైజర్, చర్మపు జిడ్డు దాన్ని కరిగిస్తాయి. కాబట్టి పెట్టే ముందు కంటి కింద పొడి టిష్యూ అద్ది, కొసవేలితో కాస్త కాంపాక్ట్ తట్టండి. కాటుకను రెప్ప లోపలి తడి అంచున కాకుండా వెంట్రుకల మొదళ్లలో పెట్టండి. లోపలి అంచున నూనె గ్రంథుల రంధ్రాలుంటాయి, రోజూ వాటిని పూడ్చేస్తే కళ్లు పొడిబారి మండుతాయి. పెట్టాక ఒక నిమిషం ఆగి, నలుపు లేదా ముదురు గోధుమ ఐషాడో పొడిని ఇయర్‌బడ్‌తో ఆ గీత మీదే అద్దండి. ఈ పొడి అద్దడమే అసలు కిటుకు, మైనాన్ని పట్టి ఉంచేది అదే. కంటి లోపలి మూల దగ్గర గీత ఆపేయండి, నీళ్లు ముందు అక్కడే ఊరతాయి.

రాత్రి దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, మూసిన కంటి మీద పది సెకన్లు ఆనించి కిందికి తుడవండి. తర్వాత ఫేస్‌వాష్. సుర్మా వాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి, కొన్ని రకాల్లో సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్లకు సుర్మా, కాటుక రెండూ వద్దు.

నాట్లకు, పత్తి ఏరనీకె పోత. రెండో కాన్పు సంది బుగ్గల మీద మంగు. ఏం రాసినా పోతలేదు.
ఓ మహిళా రైతు, మక్తల్

మంగు పూర్తిగా పోగొట్టడం కష్టం, పలచబరచడం మీ చేతిలో ఉంది. ఎండలో ఉన్నంతకాలం ఏ మందూ నిలవదు. మీ పనికి ట్యూబు కంటే గుడ్డే ముఖ్యం. ముదురు రంగు, దగ్గరి నేత కాటన్ గుడ్డను ముక్కు మీదుగా బుగ్గలు కప్పేలా కట్టండి, దాని మీద వెడల్పు అంచు టోపీ. నాట్లప్పుడు నీళ్ల మీద నుంచి కూడా వెలుగు కొడుతుంది, అందుకే టోపీ ఒక్కటే చాలదు. సన్‌స్క్రీన్ కొంటే లేత గోధుమరంగుది, ఐరన్ ఆక్సైడ్ కలిసినది అడగండి. మంగును మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, దాన్ని ఆపేది ఆ రంగే. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నట్లయితే డాక్టరుకు చెప్పండి, వాటివల్ల కూడా పెరుగుతుంది. వనపర్తి పాఠకురాలికి రాసిన జవాబు మీరూ చదవండి. మంగు పేరు చెప్పి అదే ట్యూబు అంటగట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

నుదుటి మీద, కణతల దగ్గరే సన్న మొటిమలు. తలకు రోజూ నూనె పెడుత.
ఓ ఇంటర్ విద్యార్థిని, అచ్చంపేట

జవాబు మీ రెండో వాక్యంలోనే ఉంది. నూనె తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేయండి, రాత్రంతా ఉంచొద్దు. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం ఉన్న ఫేస్‌వాష్ మొదటి వారం రోజు విడిచి రోజు, తర్వాత రోజుకోసారి. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి, నాలుగు రోజులకే మార్చకండి. గిల్లారో, మొటిమ వారంలో పోతుంది, మచ్చ ఏడాది ఉంటుంది.

బైక్ మీద రోజూ కంపెనీకి పోత. మొగోళ్లు సన్‌స్క్రీన్ రాస్తే దోస్తులు నవ్వుతరు, మొఖం కూడ తెల్లగ సున్నం కొట్టినట్టైతది.
ఓ యువకుడు, జడ్చర్ల

తెల్లగా కనిపించని జెల్ రకం తీసుకుంటే దోస్తులకు తెలిసే పనే లేదు. సున్నంలా కొట్టేది ఎక్కువగా జింక్ ఆక్సైడ్ రకం. గడ్డం గీసిన వెంటనే స్పిరిట్ వాసనొచ్చే లోషన్ మంటపుట్టిస్తుంది, దాని బదులు మాయిశ్చరైజర్ రాసి, ఆరాక సన్‌స్క్రీన్. హెల్మెట్ లోపలి గుడ్డ ఊడొచ్చేదైతే వారానికోసారి ఉతకండి, గడ్డం దగ్గర పొక్కులకు అదీ కారణమే.

హాస్టల్ల నలుగురం ఒక్కటే మేకప్ సామాన్ వాడుకుంటం. ఆదివారం అంగడిల వంద రూపాయలకు పెద్ద కంపెనీ పేరున్న లిప్‌స్టిక్ కూడ కొన్నం. పర్వాలేదా?
ఓ విద్యార్థిని, సూర్యాపేట

లిప్‌స్టిక్ డబ్బా తిప్పి చూడండి. తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీలోపు వాడాలో ఉండాలి. విదేశీదైతే దిగుమతి చేసినవారి చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు. ఇవి లేకపోతే పేరు ఎంత పెద్దదైనా పెదాలకు పెట్టొద్దు, పెదాలకు రాసింది కొంత కడుపులోకే పోతుంది.

పంచుకోవడంలో కాంపాక్ట్‌కు ఎవరి పఫ్ వాళ్లకుంటే సరిపోతుంది. కాటుక, మస్కారా, ఐలైనర్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఒకరికి కండ్లకలక వస్తే గది మొత్తానికి వస్తుంది. లిప్‌స్టిక్ తప్పదనుకుంటే పై పొరను టిష్యూతో తుడిచేసి, ఇయర్‌బడ్‌తో గీకి తీసుకోండి. డబ్బా మీద మూత తెరిచిన సీసా బొమ్మ, అందులో 6 ఎం, 12 ఎం అని ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలని. తెరిచిన రోజు తారీకు కింద పెన్నుతో రాసుకోండి. మస్కారా మూడు నెలలకే పారేయాలి.

బ్రష్‌లు, స్పాంజి వారానికోసారి బేబీ షాంపూ నాలుగు చుక్కలతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. బ్రష్‌ను గ్లాసులో నిలబెట్టి ఆరబెడితే నీళ్లు పిడిలోకి దిగి జిగురు వదులై వెంట్రుకలు రాలతాయి. బల్ల అంచున కుచ్చు బయటికి వచ్చేలా అడ్డంగా పెట్టండి, ఫ్యాన్ గాలికి తెల్లారేసరికి ఆరిపోతుంది. స్పాంజిని తడిమీద డబ్బాలో పెట్టి మూయొద్దు, లోపల నల్లగా బూజు పడుతుంది. నల్ల చుక్క కనిపించిన స్పాంజిని కడగక్కర్లేదు, పారేయండి.